చిన్న అక్షరాలు

అమెరికాలోని టొలీడోలో డిసెంబరు మొదటివారం. గాజు ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన ఆయన, ఆయన భార్య వంటింటి బల్ల దగ్గర కూర్చున్నారు. మధ్యలో ఇన్సూరెన్సు కాగితాలు.

"ఫ్యాక్టరీ ఇన్సూరెన్సులో చెవి మిషన్లకు ఏమీ ఇవ్వరట," అందామె.

"ఏంటీ?"

"చెవి మిషన్లకు ఏమీ ఇవ్వరట! ఈ కొత్త ప్లానుకి మారితే రెండు చెవులకీ ఇస్తారు! మారడానికి ఎల్లుండే ఆఖరు!"

"అంత అరవకు, పక్కింటివాళ్లు కూడా మారిపోతారు."

"సంతకం పెట్టు మరి. నా గొంతు బాగుపడుతుంది."

"ఈ కింద చిన్న అక్షరాల్లో ఉన్నది చదవలేదేం?"

"అవన్నీ ఎవరు చదువుతారు?"

"నేను చదివా. పోయింది చెవులే, కళ్లు కాదు. నేను ఫ్యాక్టరీ ఇన్సూరెన్సు వదిలేస్తే, దాంతోపాటు నీదీ పోతుందట. నీ గుండె మందులు ఎవరిస్తారు?"

"నేనేదో చూసుకుంటాలే."

"ఏంటీ?"

"చూసుకుంటా అన్నా! నీకు వినపడటం ముఖ్యం!"

ఆయన పెన్నుకి మూతపెట్టి ఆమె ముందుకి తోశాడు.

"ఏం చూసుకుంటావ్? నీకేదన్నా అయితే, ఆ మిషన్లు పెట్టుకుని నేనెవరి మాట వినాలి?"