లోపం ఉందని ఒక చీటీ

కెమెరాలు బాగుచేసే చిన్న కొట్టు, మధ్యాహ్నం. బల్లకు అటువైపు కొట్టు నడిపే పెద్దాయన, ఇటువైపు ఆయన అల్లుడు, ఫోటో స్టూడియో నడుపుతాడు.

“ముందు చేతులు కడుక్కుని రా.”

“శుభ్రంగానే ఉన్నాయి మామయ్యా.”

“కెమెరా చూస్తే అలా లేదు. కన్ను పెట్టేచోట రబ్బరు చూడు, జిడ్డు. లెన్సు వెనక కరెంటు అందే బంగారు చుక్కలు నల్లబడిపోయాయి. ఇది కెమెరానా, వంటింటి మసిగుడ్డా?”

“అందుకే ఫోకస్ తప్పుతోందేమో. అలాగే రాసెయ్యండి, సరిపోతుంది.”

“ఏమని రాయాలి?”

“ఆటోఫోకస్ చెడిపోయిందని. మీ కొట్టు కాగితం మీద, ముద్ర వేసి.”

“చూడకుండానే?”

“చూడ్డానికేముంది, ఫోటోలన్నీ మసగ్గా వచ్చాయిగా.”

“తలనొప్పి అన్నవాడికల్లా చీటీ రాసిచ్చేవాడు వైద్యుడు కాదు. స్టాండు మీద పెట్టు. ఆ అక్షరాల అట్ట గోడకు తగిలించు. వంకరగా ఉంది, సరిచెయ్యి. మధ్య ఫోకస్ చుక్క ఒక్కటే పెట్టి టైమర్ మీద తియ్యి, చెయ్యి తగలకుండా.”

“తీశాను. మసకే.”

“ఇప్పుడు కన్ను పెట్టి చూసే కంటిసందులోంచి కాదు, వెనక తెర వెలిగించి తియ్యి.”

“ఇది... ఇది బాగానే వచ్చింది.”

“అంటే లెన్సుకు రోగం లేదు. వెనక తెరతో తీస్తే ఫోటో పడేచోటునే చూసి సరిచేసుకుంటుంది. కంటిసందులోంచి తీస్తే లోపల వేరే కన్ను ఉంటుంది, అది దూరం కొలుస్తుంది. ఆ కన్ను తప్పు చెబుతోంది.”

“నేననేదీ అదే. చెడిపోయింది.”

“ఆగు. ఈ స్కేలు ఏటవాలుగా పెట్టు. సున్నా గీత మీద గురిపెట్టి తియ్యి. ఏ గీత తేటగా ఉంది?”

“సున్నా కాదు. వెనక నాలుగోది.”

“లెన్సు బాగా తిప్పేసి, మళ్లీ తియ్యి.”

“నాలుగోదే.”

“మళ్లీ.”

“నాలుగోదే మామయ్యా. ఎన్నిసార్లు తీయిస్తారు?”

“చెడిపోయింది ఓసారి ముందుకు పోతుంది, ఓసారి వెనక్కి పోతుంది. ఇది కొలిచినట్టు ప్రతిసారీ ఒకేచోటికి పోతోంది. ఎవరో చెప్పిన మాట వింటున్నట్టుంది.”

“బ్యాటరీ తక్కువుందేమో.”

“నిండా ఉంది.”

“ఆ చుక్కలు మురికిగా ఉన్నాయన్నారు.”

“నువ్వు మాట్లాడుతుండగానే తుడిచేశాను. ఇలా ఇవ్వు, మెనూ చూస్తాను.”

“మెనూ ఎందుకు, అందులో ఏముంటుంది—”

“చెయ్యి ఎందుకు అడ్డుపెడతావు?”

“అడ్డు కాదు. టైమవుతోందని.”

“ఇదిగో. ఇరవై. లెన్సు సర్దుబాటు, వెనకవైపు ఇరవై. దీనికి మించి పోదు, ఆఖరి మెట్టు. వెంట్రుకవాసి తేడా ఉంటే సరిచేసుకొమ్మని పెట్టిన అంకె ఇది. ఇంతదూరం నెట్టినవాళ్లు సరిచెయ్యడానికి నెట్టలేదు.”

“దానంతటది మారి ఉండొచ్చు.”

“కుండ దానంతటది పొయ్యెక్కుతుందా? సున్నాకు తెచ్చాను. తియ్యి.”

“తీశాను.”

“ఏ గీత?”

“సున్నా.”

“ఆడలేక మద్దెల ఓడు అన్నవాళ్లను చాలామందిని చూశాను. ఆట వచ్చి కూడా మద్దెలకు చిల్లి పెట్టినవాణ్ని ఇవాళే చూస్తున్నా. ఏ ఫోటోలివి?”

“ఏవో లెండి.”

“కార్డు ఇందులోనే ఉంది.”

“అయ్యో, అది తీసి ఇద్దామనుకుని...”

“ఇవేమిటి, ఇనప తాళ్లా?”

“లిఫ్టు తాళ్లు.”

“ఏ లిఫ్టు?”

“ఆసుపత్రిది.”

“ఏ ఆసుపత్రి అల్లుడూ? నీళ్లు నమలకు.”

“మొన్న పడింది చూశారా, అదే.”

“రెండంతస్తుల మీంచి పడింది. దుప్పట్లు ఉతికే ఆవిడకు రెండు కాళ్లూ నుజ్జయ్యాయి. అందులోనే ఉన్న ముసలాయన ఇంకా కళ్లు తెరవలేదు. ఆ లిఫ్టా?”

“తనిఖీ కంపెనీకి ఫోటోలు మన స్టూడియో నుంచే వెళ్లాయి. అవి చూసి తాళ్లు బాగున్నాయని వాళ్లు రాసేశారు. ఇప్పుడు విచారణ. ఫోటోలెందుకు మసగ్గా ఉన్నాయని అడుగుతున్నారు.”

“వెనక గోడ మీద బూజు పోగు పోగునా కనిపిస్తోంది. ముందున్న తాడు మాత్రం నీళ్లలో నానిన జడలా ఉంది. ఛీ.”

“కెమెరాదే తప్పని మీరొక్క ముక్క రాస్తే—”

“ఈ ఫోటో చూడు. పదకొండింటికి, ఆసుపత్రి బోర్డు. అద్దంలా ఉంది, అంకె సున్నా. పదకొండున్నరకు తాళ్లు, అంకె ఇరవై. ప్రతి ఫోటో ఆ అంకెను తనతో మోసుకొస్తుంది, తెలుసా? ఆ అరగంటలో ఏం జరిగింది?”

“ఆసుపత్రి మేనేజరు లోపలికి పిలిచాడట. తాళ్లు వచ్చే నెల ఎలాగూ మారుస్తాం, ఈసారికి చూసీచూడనట్టు పొమ్మన్నాడట. వాళ్ల ఆసుపత్రుల పనంతా ఇక మనకేనన్నాడట.”

“అన్నాడట, పిలిచాడట. పక్కింటివాళ్ల ముచ్చట చెబుతున్నట్టు చెబుతున్నావు. ‘నేను’ అనడానికి నోరు రావడం లేదా? బల్ల మీంచి చెయ్యి తియ్యి. నువ్వు ముట్టుకున్నచోటల్లా తుడవాలనిపిస్తోంది.”

“మీరు రాయకపోతే స్టూడియో మూతపడుతుంది. జైలు దాకా పోవచ్చు.”

“పోవాలి.”

“మామయ్యా.”

“పోవాలనే అంటున్నా. ఈ ముద్ర నలభై ఏళ్లుగా ఒక్క అబద్ధం మీద పడలేదు. మా అమ్మాయికి తెలుసా ఇది?”

“తెలుసు.”

“ఏమంది?”

“ఏమీ అనలేదు.”

“ఏమంటుంది, నోరు పడిపోయుంటుంది. తొమ్మిదేళ్లప్పుడు ఈ బల్ల మీద కూర్చుని లెన్సు విప్పి మళ్లీ బిగించిన పిల్ల. తీసిన ఫోటో మసగ్గా వస్తే ఆ పూట అన్నం ముట్టేది కాదు. అలాంటిదాన్ని తెచ్చి నీ చేతిలో పెట్టాను.”

“ఆ మాటలు వద్దు మామయ్యా.”

“ఎందుకొద్దు? రోషమా?”

“చీటీ వద్దులెండి. కెమెరా ఇచ్చేయండి, వెళ్తాను.”

“ఇంకో కొట్టుకా? కెమెరా పట్టుకుపో. కార్డు నా దగ్గరుంటుంది. రేపు పొద్దున్నే విచారణవాళ్ల చేతిలో పెడతాను. ఈ పాపం చేసినవాడు నా అల్లుడేనని నా నోటితో నేనే చెబుతాను.”

“అలా చెప్పకండి.”

“భయమా?”

“భయం కాదు. అది నిజం కాదు.”

“ఇంకా బొంకుతున్నావా?”

“ఆ రోజు నేను ఊళ్లో లేను. పెళ్లి ఫోటోల పని మీద రెండురోజులు వెళ్లాను. కొత్త కెమెరా నేను పట్టుకెళ్లాను. ఇది ఇంట్లోనే ఉంది.”

“ఇంట్లో ఉంటే మరి ఆసుపత్రికి ఎవరు...”

“ఆ అంకె ఒకటుంటుందని నాకు నిన్నటిదాకా తెలీదు మామయ్యా. తను చూపిస్తే చూశాను.”

“అబద్ధం.”

“పోనీ, అబద్ధమే అనుకోండి.”

“నా కూతురు అలాంటి పని చెయ్యదు. తాడు పోగులు తెగాయని కళ్లతో చూసి, మీట నొక్కి, ఇంటికొచ్చి అన్నం తినగలదా అది?”

“తింది. ఆ రాత్రి నాకు ఫోన్ చేసి, పెద్ద పని దొరికింది అని కూడా చెప్పింది.”

“నువ్వు ఇక్కడికొచ్చావని దానికి తెలుసా?”

“తనే పంపింది. ‘మా నాన్న దగ్గర నా పేరెత్తకుండా రాయించుకురా. ఎంతకీ రాయనంటేనే చెప్పు. చెబితే రాస్తాడు’ అంది.”

“ఎప్పుడంది?”

“పొద్దున. జడ వేసుకుంటూ. మామూలుగానే.”

“ఆ స్టూలు ఇటు లాగు, కూర్చుంటాను.”

“మంచినీళ్లు తేనా మామయ్యా?”

“వద్దు.”

“కార్డు మీ దగ్గరే ఉంచుకోండి. ఎవరికివ్వాలనిపిస్తే వాళ్లకివ్వండి. నేను అడ్డం రాను. నిజం చెప్పాలంటే ఇచ్చేస్తేనే నయమనిపిస్తోంది, ఆ ముసలాయన మొహం చూసొచ్చిన దగ్గర్నుంచి.”

“ఆ తలుపు దగ్గరగా వెయ్యి.”

“వేశాను.”

“నీ పక్క సొరుగులో కొట్టు కాగితాలుంటాయి. ఒకటి తియ్యి. దాని కిందే ముద్ర ఉంటుంది.”

“మామయ్యా, మీరు నిజంగానే—”

“తేదీ ఏం వెయ్యమంది?”