మీదికెల్లి పోసిన బీరు

పాలమూరులో, బామ్మర్ది ముందు గొప్ప చూపించుకుందామని కొని, నిన్ననే నిండు పీపా బిగించిన బీరు యంత్రం దగ్గర అంజయ్య గౌడ్ వంగి నిలబడ్డాడు. చేతిలోని గ్లాసు నిండా నురుగే. వెనక భార్య నిలబడి చూస్తోంది.

“గ్లాసు గంత కిందికి పట్టినవేంది? గిది కల్లనుకున్నవా, మీదికెల్లి పోయనీకి?”

“మా బాపు గట్లనే పోసెటోడే!”

“మీ బాపు పోసింది తాటాకు దొప్పలల్ల కల్లు. గిట్ల పోస్తే మా తమ్ముడు నురుగు నాకి పోవాలె. ఇటియ్యి!”

ఆమె ఇంకో గ్లాసును ఏటవాలుగా యంత్రం నల్లాకు దగ్గరగా పట్టి, నల్లాను ఒక్కసారే పూర్తిగా తిప్పింది. నిండా తేట బీరు, పైన రెండు వేళ్ల నురుగు.

“నీకెట్ల ఎరుకే?”

“పొద్దుగాల నువ్వు మటన్‌కు పోయినప్పుడు నేర్చుకున్న. మా తమ్ముడు రాకముందే పోయి ఇంకో పీపా పట్కరా.”