తాడు ఆనని నీళ్ళు

ఫారో దీవుల్లో చేపలవాళ్ళ ఊరు. డాన్యల్ పడవ మీంచి నీళ్ళలో పడిపోయి నాలుగు రోజులైంది. అతని భార్య సున్నేవా పెరట్లో బట్టలు ఆరేస్తోంది. పడవ నడిపే మరిది హానుస్ వచ్చి నిలబడ్డాడు.

"చాలా లోతు అంటే నాకు చాలదు హానుస్. ఏ నీళ్ళో చెప్పు."

"లోతంటే లోతే కదా వదినా. నడిసముద్రం. పాతాళం అనుకో. ఆ బుట్ట ఇలా ఇయ్యి, నేను పట్టుకుంటా."

"పాతాళం పాస్టరు గారి మాట, నాకొద్దు. మీ పడవల వాళ్ళ మాట చెప్పు. కాలు ఆనే నీళ్ళా, తాడు ఆనే నీళ్ళా, తాడు ఆనని..."

"ఆ మాట అనకు."

"పడవలో అనకూడదు. ఇది పెరడు."

"ఎక్కడైనా సరే, నాకు నోరు రాదు."

"గొర్రెల వాళ్ళింట్లో పుట్టినదాన్ని, నాకే వస్తోంది. మీ అన్న నేర్పాడు. పెళ్ళైన కొత్తల్లో రేవు రాళ్ళ మీద కూర్చోబెట్టి, నా కాళ్ళు నీళ్ళలో ముంచి, ఇవి కాలు ఆనే నీళ్ళు, ఇక్కడ పడితే నవ్వుతారు అన్నాడు. లోతు కొలిచే తాడు అడుగుకి ఆనే నీళ్ళలో పడితే ఏడుస్తారు, కానీ వెతికి ఇంటికి తెస్తారు అన్నాడు. మూడోది మాత్రం చెవిలో చెప్పాడు, పక్కన ఎవరో వింటున్నట్టు."

"అన్నకి అన్నీ వేళాకోళమే."

"అంటే అక్కడ అడుగే ఉండదా అని అడిగా. అడుగు లేని నీళ్ళు ఎక్కడా లేవే పిచ్చిదానా, తాడు చాలదంతే అన్నాడు. ఏంటి, అలా అయిపోయావు?"

"ఏం లేదు. చలి."

"తాడు ఆనిందా, లేదా?"

"ఆనలేదు. ఎన్నిసార్లు చెప్పించుకుంటావు? సీసం గుండు కట్టిన తాడు మొత్తం వదిలా. తాడు మీద బారల గుర్తులు చూసే స్థిమితం ఎక్కడుంది నాకు? చివర నా చేతిలో మిగిలింది, గుండుకి అడుగు తగల్లేదు. అలాంటి చోట వెతకరు. అందరం టోపీలు తీసి, వెనక్కొచ్చాం. మన ఊళ్ళో ఎప్పుడూ అంతే, నేను కొత్తగా చేసిందేం లేదు."

"చిన్నది అడుగుతోంది, నాన్న కింద నిలబడి ఉన్నాడా, పడుకుని ఉన్నాడా అని. ఏం చెప్పను?"

"ఆదివారం పాస్టరు గారు ఒడ్డున ప్రార్థన చేస్తారు. పిల్లని తీసుకురా. అదీ సమాధి లాంటిదే."

"సమాధంటే మట్టి. సముద్రం వైపు తిరిగి పాట పాడితే సమాధి ఎలా అవుతుంది? రేపు నేనెక్కడికి వెళ్ళి కూర్చోవాలి?"

"వదినా, ఈ తాడు మరీ కిందికి వేలాడుతోంది. విప్పి తీసుకెళ్తా. సాయంత్రానికి కొత్తది తెచ్చి కడతా."

"నీకిప్పుడు ఇదొకటి దొరికింది. మీ అన్నా అంతే, బట్టలకి తాడు తెస్తా తెస్తా అని నెల తిప్పాడు. విసుగొచ్చి నేనే పడవ కొట్టంలోకి వెళ్ళి, ఓ పాత చుట్ట చివర్న నాలుగు వరసలకి సరిపడా కోసుకొచ్చా. వదులు దాన్ని. ఆ రెండో పడవ మిక్యల్ పెళ్ళాం వేరేలా చెప్పింది నాకు."

"ఏం చెప్పింది?"

"ఆయన పడింది, చర్చి శిఖరం కొండ భుజం మీదికొచ్చి కనపడే చోటే కదా?"

"ఊ."

"అప్పటికింకా మంచు దిగలేదు. చోటు తప్పే పని లేదు."

"లేదు."

"నిన్న మిక్యల్ అక్కడే లంగరు వేశాడట. యాభై బారల్లో ఆనిందట. మన తాడు అరవై బారలు. ఊళ్ళోకెల్లా పొడుగైన తాడు మనదేనని మీ అన్న కనపడ్డ వాళ్ళందరికీ చెప్పుకునేవాడు."

"మిక్యల్‌కి గొప్పలెక్కువ."

"లంగరు కూడా గొప్పలు చెప్తుందా?"

"ఆవేళ పోటు గట్టిగా ఉంది. తాడుని ఏటవాలుగా లాగేసి ఉంటుంది."

"ఇందాక పోటు మాటే లేదు."

"ఇప్పుడు గుర్తొచ్చింది."

"నా మొహం చూసి చెప్పు. ఎంతసేపూ ఆ తాడు వైపు చూస్తావేంటి? భయపడ్డావు కదూ. గాలి లేస్తోంది, అన్న ఎలాగూ పోయాడు, మనం ఇల్లు చేరదాం అనుకున్నావు."

"అలాగే అనుకో."

"అసలు గుండు వేశావా?"

"వేశా. అన్న మీద ఒట్టు."

"ఆయన మీద ఒట్టు వేసే మొహమా ఇది? ఆదివారం చర్చి ముందు నిలబడి చెప్తా. తాడు ఆనే నీళ్ళలో సొంత అన్నని వదిలేసి వచ్చాడని చెప్తా. ఆ తర్వాత నీ పడవెక్కే మగాడెవడో చూస్తా."

"చెప్పు."

"సిగ్గుగా లేదూ?"

"చెప్పు వదినా. నేను కాదనను. అందరూ నన్నే అననీ. అదే మంచిది."

"మంచిదేంటి? ఎవరికి మంచిది?"

"ఆ బుట్ట కింద పెట్టు."

"హానుస్, ఎవరికి?"

"మిక్యల్ మాట నా చెవిన కూడా పడింది. రాత్రంతా నిద్ర లేదు. పొద్దున్నే కొట్టం తలుపేసుకుని తాడు కొలిచా, బార బారా. అరవై లేదు. నలభై ఐదు కూడా సరిగ్గా లేదు. చివర కత్తితో కోసిన కోత, ఇంకా తెల్లగా ఉంది."

"కోశారా? ఎవరు కోశారు?"

"అన్న ఎలాగూ బతికేవాడు కాదు. ఆ చలి నీళ్ళలో ఎవరూ బతకరు. అది మనసులో పెట్టుకో. తాడు పొడుగైనా పొట్టిదైనా ప్రాణం దక్కేది కాదు."

"నేనడిగింది అది కాదు. ఎవరు కోశారు?"

"ఇప్పుడు కొక్కేలు వేసి వెతుకుదామంటే, అడుగు అందే చోటైతే ఆవేళ తాడు ఎందుకు ఆనలేదని పడవలో అందరూ అడుగుతారు. అందుకే వెతకనంటున్నా. ఈ బట్టలు తీసెయ్యి. ఎవరి కంటా పడకముందే ఈ తాడు పొయ్యిలో పెట్టేస్తా."

"ఇది ఆ చుట్టలోదా?"

"చీకటి కొట్టం. చుట్టలన్నీ ఒకేలా ఉంటాయి. ఎవరైనా పొరబడతారు."

"ఆయన చొక్కా దీని మీదే ఆరేశా."

"నాకియ్యి వదినా."

"ముట్టుకోకు. ముడి నేనే విప్పుతా. పొద్దున్నే రేవుకి నేనే తెస్తా, అందరి ముందూ. మీ తాడుకి ముడేసుకుని వెళ్ళి ఆయన్ని ఇంటికి తీసుకురండి."