మంజీరల నిలబడ్డ స్టాండు

కామారెడ్డి బస్టాండు ఎదురుగా, ఈరవ్వ చాయ్ హోటల్ ముందున్న సిమెంటు గద్దె మీద శైలేందర్ కూర్చున్నాడంటే చాయ్ చల్లారడమే కాదు, బస్సులు కూడా తప్పిపోతాయి. ముప్పై ఏండ్లుగా పెండ్లి ఫొటోలు తీస్తున్న మనిషి. నోరు తెరిస్తే ఆపడం ఎవరి తరమూ కాదు. కానీ ఆ సాయంత్రం ఎల్లారెడ్డి పోయే బస్సు అనిలకు తప్పిపోకూడదు. కెమెరా స్టాండు లేకుండా ఆ బస్సు ఎక్కనూకూడదు.

తెల్లారితే పోచారం చెరువు మీద వలస బాతుల ఫొటోలు తీయాలి. పక్షుల మీద పుస్తకం వేస్తున్న పెద్దమనిషి ఒకాయన హైదరాబాద్ నుంచి వస్తున్నాడు. ఫొటోలు నచ్చితే ఏడాదంతా ఆ పని ఆమెదే. ఎల్లారెడ్డిలో పాస్‌పోర్టు ఫొటోలు తీసుకునే అనిలకు అట్లాంటి పిలుపు రావడం ఇదే మొదటిసారి. దుబాయ్‌లో పనిచేసే తమ్ముడు ప్రవీణ్ పంపిన కెమెరా, దానికి పొడుగు లెన్సు, రెండూ కలిపి మూడున్నర కిలోలు. తన స్టూడియోలో ఉన్న పెద్ద స్టాండును కూడా భుజానికెత్తుకుని చెరువు గట్టు మీద రెండు కిలోమీటర్లు నడవడం ఆమె వల్ల కాదు. సంచీలో పట్టేంత చిన్నది కావాలి. అది ఆ బరువు మోయాలి.

శైలేందర్ అమ్ముతానన్న స్టాండు మడిస్తే మూరెడు కూడా లేదు. కాళ్లు గుంజితే ఒకదాంట్లోంచి ఒకటి ఐదు ముక్కలు వచ్చాయి. చివరి ముక్క పెన్సిలంత సన్నం. అనిల దాన్నే చూస్తోంది.

"కాళ్లను చూసి భయపడకు చెల్లె. నీ కెమెరా ఇటియ్యి," అన్నాడు శైలేందర్. ఆమె ఇచ్చేదాకా ఆగలేదు, సంచీలోంచి తనే తీసి బిగించాడు. పెద్దవాడు, చెయ్యి పట్టుకుని ఆపలేకపోయింది. కెమెరా బెల్టును మాత్రం పిడికిట్లో రెండు చుట్లు చుట్టుకుంది. లెన్సు ముక్కు బస్టాండు బోర్డు దిక్కు ఉంది.

"జుక్కల్‌ల ఒక లగ్గం," మొదలుపెట్టాడు. "వాన వడి నేలంత బురద. గీ స్టాండు మీదనే కెమెరా పెట్టిన. బరాత్‌ల ఎగురుకుంట ఒక పిలగాడొచ్చి దీని మీద పడ్డడు. వాడు పడ్డడు గని, ఇది కదల్లే."

"గంతేనా అన్నా," అన్నాడు ఆటో సంపత్ చాయ్ ఊదుకుంటూ.

"గంతేనంటవా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నిజాంసాగర్ గేట్లు ఎత్తిన్రు. నేను కింద మంజీర నదిల నిలబడి తీస్తున్న. నీళ్లు మోకాళ్లకొచ్చినయ్, నడుముకొచ్చినయ్. నేను గట్టెక్కిన గని స్టాండు ఆడనే ఉండిపాయె. ఇగ పోయింది అనుకున్న. ఆ నీళ్లు దీని కాళ్ల దాకా వచ్చి, రెండు పాయలై అటొకటి ఇటొకటి పోయినయ్. నడిమిట్ల కెమెరా, సుక్క తడి లేదు."

ఒక బస్సు రోడ్డు అదిరేలా వెళ్లింది. లెన్సు ముక్కు బోర్డు మీదినుంచి జారి, కింద నిలబడ్డ కండక్టర్ టోపీ దిక్కుకు వచ్చింది. అనిల బెల్టును ఇంకో చుట్టు చుట్టుకుంది. వద్దందామా? వద్దంటే ఇవ్వాళ ఇంకో స్టాండు దొరకదు. సరేనంటే రేపు ఈ కెమెరా చెరువులో ఉంటుంది.

"బర్రె సంగతి చెప్పలేదేంది," అంది ఈరవ్వ. ఆమె ఇంతకుముందు విన్నదే.

"వస్తున్న అవ్వా. ఒక బర్రె కొట్టుకొచ్చింది. దీని కాలుకు ఆనుకొని ఆగింది. దానెన్క దూడ. దానెన్క ట్రాక్టర్, ట్రాలీతోని సహా, ట్రాలీల ఇరవై బస్తాల వడ్లు. అన్నీ దీనికే ఆనుకున్నయ్." చేతులు చాపి చూపిస్తుంటే మోచెయ్యి లెన్సుకు వేలెడు దూరంలోంచి పోయింది. ముక్కు ఇప్పుడు కండక్టర్ నడుము దిక్కుంది.

"తెల్లారి ఇంజనీర్లు వచ్చిన్రు. గేట్లు దించినా నీళ్లు ఆగుతలెవ్వట. దీన్ని అడ్డం పెట్టినం, ఆగినయ్. 'శైలేందర్ సాబ్, గీ స్టాండు డ్యామ్‌కు ఇచ్చెయ్యి' అని కాళ్లు మొక్కినంత పని జేసిన్రు. నేనే ఇయ్యలే. లగ్గాల సీజన్, నాకు అవసరముండె."

ఎల్లారెడ్డి బస్సు వచ్చి ఆగింది. జనం ఎక్కుతున్నారు.

"అన్నా," అంది అనిల. "మంజీరల నీ కెమెరా ఎటు దిక్కు చూసుకుంట నిలబడ్డది?"

"గేట్ల దిక్కు. పెట్టింది పెట్టినట్టే. ఇంచు కదల్లే."

"నా కెమెరా బోర్డు దిక్కు పెట్టినవ్. నువ్వు ఒక్క చాయ్ తాగేలోపల మోరీ దిక్కు చూస్తున్నది. ఈడ వరద గూడ రాలే."

అందరూ చూశారు. లెన్సు మెడ వంచి రోడ్డు పక్క మోరీలోని మురుగునీళ్లలోకే చూస్తోంది. ఈరవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సంపత్ నవ్వడానికి నోరు తెరిచి, శైలేందర్ ముఖం చూసి మూసుకున్నాడు.

శైలేందర్ లేచి రెండు చేతులతో కెమెరాను పట్టుకున్నాడు. మెల్లగా స్క్రూ విప్పి అనిల చేతుల్లో పెట్టాడు.

"దీని మీద నేను ఫోన్ ఒక్కటే పెట్టుకుంట చెల్లె," అన్నాడు తలెత్తకుండా. "బస్సును జెరసేపు ఆపుమను."

సంపత్ డ్రైవర్ దగ్గరికి ఉరికాడు. రెండు దుకాణాల అవతల ఉన్న తన స్టూడియోలోకి వెళ్లి, శైలేందర్ ఇంకో స్టాండు తెచ్చాడు. రంగు పోయింది. మడిస్తే మూరకు రెండు వేళ్లు ఎక్కువ, కాళ్లు మాత్రం లావు, మూడే ముక్కలు. అనిల కెమెరా బిగించింది. లెన్సును బోర్డు దిక్కు తిప్పి చెయ్యి తీసింది. ఒక లారీ పోయింది, దాని వెనక ఇంకో బస్సు. డ్రైవర్ రెండుసార్లు హారన్ కొట్టాడు. ముక్కు బోర్డు మీదే ఉంది.

"నడిమి కర్ర పైకి లేపకు, ఊగుతది," అన్నాడు శైలేందర్. "గాలి ఉంటే బరువుకు నీ సంచి దానికి తగిలియ్యి. ఇది అమ్మేది కాదు. నాలుగు రోజులు వాడుకొని తెచ్చియ్యి."

అనిల తలూపి స్టాండును సంచీలో పెట్టుకుంది. బస్సు మెట్టు మీద కాలు పెడుతుంటే సంపత్ గొంతు వినబడింది.

"అన్నా, మరి దీని కథేంది?"

శైలేందర్ చల్లారిన చాయ్ గ్లాసు అందుకున్నాడు.

"దీనికి కథ లేదురా," అన్నాడు. "నిలబడ్తది. గంతే."