భూమేశ్ 'నెచు' అనేదాకా

ఈ సభకు పెద్దగా కూర్చున్న గ్యారేజీ ఫోర్‌మన్ వెంకట్రాములు గారికి, ఆయన పక్కనే కూర్చుని ఇప్పటికే రెండుసార్లు గడియారం చూసుకున్న ఏజెంటు మురళీ గారికి, టైర్ల గోడౌను సగం ఖాళీ చేసి దీన్ని మనకు హాలుగా ఇచ్చిన ఇర్షాద్ భాయ్‌కి, బిర్యానీ గిన్నె మూత మీద చెయ్యివేసి నేనెప్పుడు ఆపుతానా అని చూస్తున్న సత్యకుమారి గారికి, అబుదాబి బనియాస్ నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన మా చెల్లెమ్మ స్వర్ణకు, షార్జా ఇండస్ట్రియల్ ఏరియా గ్యారేజీల నుంచి చేతుల గ్రీజు కడుక్కుని వచ్చిన అన్నదమ్ములకు, చివరిగా దండ బరువుకు మెడ వంచుకుని కూర్చున్న మన భూమేశ్‌కు నా నమస్కారాలు.

నేను అంజిబాబును. క్యాంపు మెస్సులో వంటవాణ్ణి, ఆదివారం సాయంత్రాలు ఇదే హాల్లో క్రొయేషియా భాష మాస్టార్ని. అమలాపురం దగ్గర పుట్టినవాడికి ఆ భాష ఎలా వచ్చిందని కొత్తవాళ్ళు అడుగుతుంటారు. దుబాయ్‌లో ఒక క్రొయేషియా ఇంజినీరు గారింట్లో చాలాకాలం వంట చేశాను. ఆ భాష నాకు పుస్తకాల్లోంచి రాలేదు, వాళ్ళమ్మగారు ఉప్పూ పప్పూ అడుగుతుంటే పొయ్యి దగ్గర వచ్చింది. దుబాయ్‌లో కొన్నాళ్ళు చేసినవాళ్ళు ఇప్పుడు క్రొయేషియా అంటూ అటు ఎగబడుతున్నారు కాబట్టి, వచ్చిన నాలుగు ముక్కలూ నలుగురికీ చెబుదామని ఈ క్లాసు పెట్టాను. మొదట్లో హాలు నిండింది. తర్వాత టీ, సమోసా ఉన్న వారాల్లో నిండింది. ఏమీ లేని వారాల్లో కూడా వచ్చి ముందు వరసలో కూర్చున్నవాడు భూమేశ్ ఒక్కడే. (చప్పట్లు)

చప్పట్లు కొట్టింది సమోసా బ్యాచీయే, నాకు తెలుసు. (నవ్వులు)

భూమేశ్ ఎలాంటి మనిషో మీకు నేను చెప్పనక్కర్లేదు. జగిత్యాల దగ్గర పల్లె నుంచి వచ్చి, గేరుబాక్సు విప్పి మళ్ళీ బిగించడంలో వెంకట్రాములు గారి చేతే శెభాష్ అనిపించుకున్నవాడు. కానీ ఇతని నోట్లోంచి ఇంతవరకూ 'లేదు', 'కాదు', 'వద్దు' అనే మాటలు వచ్చాయని ఎవరైనా చెబితే నేను నమ్మను. ముదీర్, అంటే మేనేజరు, వచ్చి మధ్యాహ్నం ఎండలో లారీ కింద పడుకోమంటే సరే సార్. పక్కగదివాడు వచ్చి నీ మంచం నాకిచ్చి నువ్వు కింద పడుకోమంటే సరే అన్న. ప్రశ్న అడగడం కూడా అంతే. ఎందుకు, ఎప్పుడు, ఎంతసేపు అని ఎవరినీ అడిగిన పాపాన పోలేదు. అటువంటి మనిషి ప్రశ్నలు అడగడం, కాదని చెప్పడం నేర్చుకోవడానికి ప్రతి ఆదివారం ఎందుకొస్తున్నాడో నాకు చాలాకాలం అర్థం కాలేదు. ఒకరోజు అడిగేశాను. "మీరు రమ్మన్నరు గద సార్" అన్నాడు. (నవ్వులు)

అతిథులు కొత్తవాళ్ళున్నారు కాబట్టి పాఠం కొంచెం చెబుతాను. సత్యకుమారి గారూ, కొంచెమే. ఆ భాషలో ప్రశ్న అడగడం మనకేమీ కష్టం కాదు. మనం 'తింటావా' అని మాట చివర సాగదీస్తాం. వాళ్ళు క్రియను తెచ్చి ముందు నిలబెట్టి, దాని వెనకాల 'లి' తగిలిస్తారు. 'హోచెష్' అంటే నీకు కావాలి అని. 'హోచెష్ లి' అంటే కావాలా అని. కాదనడం ఇంకా తేలిక. ఏ క్రియకైనా ముందు 'నె' పెడితే చాలు. ఒక్క మూడు మాటల్లో మాత్రం ఆ 'నె' క్రియకు అతుక్కుపోయి ఒకే మాటైపోతుంది. నిసమ్ అంటే కాను, నెమమ్ అంటే నా దగ్గర లేదు, నెచు అంటే నాకొద్దు, నేను చెయ్యను. మనకు కాదు, లేదు, వద్దు విడిగా లేవూ, అలాగన్నమాట. పోతే, మనం 'ఎవరికీ ఏమీ తెలీదు' అన్నట్టు వాళ్ళూ లేదనే మాటలు వరసగా పేర్చి 'నిత్కో నిష్తా నె జ్నా' అంటారు. ఈ వాక్యం మాత్రం మావాళ్ళకు ఒక్క పూటలో వచ్చేసింది. మొన్న గ్యారేజీలో ఎవరిదో కారు అద్దం పగిలితే, ఎవడ్రా పగలగొట్టిందని ముదీర్ అడిగాడట. అందరూ చేతులు కట్టుకుని ఒకే గొంతుతో నిత్కో నిష్తా నె జ్నా అన్నారట. ఆయన అదేదో సంతాపం అనుకుని కాసేపు తలవంచుకుని నిలబడి వెళ్ళిపోయాడు. (నవ్వులు)

వెంకట్రాములు గారూ, నావైపు అలా చూడకండి. నాకూ ఏమీ తెలీదు.

భాష తేలికే. కష్టం ఎక్కడంటే, మనం కాదనే పద్ధతి వేరు. మా గోదావరి వైపు విస్తరి ముందు కూర్చున్నవాడు మొదటిసారి 'వద్దండీ' అంటే వెయ్యమని అర్థం. రెండోసారి వద్దంటే కొంచెం వెయ్యమని. మూడోసారి విస్తరికి రెండు చేతులూ అడ్డంపెట్టి వద్దంటే, అప్పుడు వేళ్ళ సందుల్లోంచి వేస్తారు. నేను ఈ పద్ధతితోనే ఆ ఇంజినీరు గారింట్లో అడుగుపెట్టాను. మొదటివారంలో ఒకరోజు వాళ్ళమ్మగారు, ఆ పెద్దావిడ, నాకు కంచంలో మాంసం, బంగాళాదుంపలు పెట్టి "హోచెష్ లి యెస్తి?" అని అడిగింది, తింటావా అని. కొత్తగదా, మర్యాదగా ఉండాలని, అప్పుడే నేర్చుకున్న 'నెచు' అన్నాను. ఆవిడ సరేనని కంచం తీసేసి, ఫ్రిజ్జులో పెట్టి, మూత వేసి, పోయి పడుకుంది. రెండోసారి అడుగుతుందేమోనని సాయంత్రం దాకా ఆ వంటింట్లో నిలబడ్డాను. ఫ్రిజ్జు తెరిస్తే మర్యాద కాదు. అడిగితే అంతకన్నా కాదు. ఆకలితో కళ్ళు తిరిగి ఆ ఫ్రిజ్జునే పట్టుకున్నాను. (నవ్వులు)

ఆవిడకు నా మీద కోపం లేదు, నేను వద్దన్నందుకు చిన్నబుచ్చుకోనూ లేదు. వాళ్ళు ఒకసారే అడుగుతారు, చెప్పింది నమ్ముతారు. నాకు ఆ భాషలో అన్నిటికన్నా నచ్చిందీ అదే, ఇప్పటికీ చేతకానిదీ అదే.

ఇక అసలు సంగతికి వస్తాను. వెనక గోడ మీద అంత పెద్ద ఫ్లెక్సీ ఉంది, క్రొయేషియా వెళుతున్న మా భూమేశ్‌కు శుభాకాంక్షలని. అతని ఫొటో వెనక ఖర్జూరం చెట్లు ఎందుకు వేశారని ప్రింటింగు షాపువాణ్ణి అడిగితే, సముద్రం ఉంటే ఖర్జూరం ఉంటుంది సార్ అన్నాడు. రేపు పొద్దున్నే విమానం. సముద్రం ఒడ్డున ఒక హోటల్లో దుప్పట్లు ఉతికే పని. గేరుబాక్సుల మెకానిక్కు దుప్పట్లేమిటని మీలో చాలామంది నన్ను అడిగారు. ఇది ఎలా జరిగిందో మురళీ గారి సమక్షంలోనే చెబుతాను.

ఆ ఆదివారం మురళీ గారు ఒక్క ఉద్యోగం చేతిలో పెట్టుకుని, మనలో భాష వచ్చినవాడెవడో చూద్దామని వెనక కుర్చీలో వచ్చి కూర్చున్నారు. ఆరోజు పాఠం కాదనడం. నేను ఒక్కొక్కణ్ణీ లేపి "హోచెష్ లి ఇచి ఉ హర్వాత్స్కు?" అని అడగాలి, అంటే క్రొయేషియా వెళతావా అని. వాళ్ళు పాఠం ప్రకారం నెచు అనాలి. ఆ దేశం వెళ్ళాలని కలవరించే నాగబాబు, మా ఊరి పక్కవాడే, లేచి నిలబడి అంత చక్కగా నెచు అన్నాడు, ఆ పెద్దావిడ వినుంటే మురిసిపోయేది. అందరూ అన్నారు. భూమేశ్ వంతు వచ్చింది. చేతులు కట్టుకుని "హోచు సార్" అన్నాడు, వెళతాను అని. ఒరే బాబూ, ఇవాళ వద్దనాలి కదా అంటే, "మీరు అంత ప్రేమతోని అడిగితె వద్దని ఎట్లంట సార్" అన్నాడు. మురళీ గారు వెళతానన్న ఒకేఒక్క మనిషి పేరు రాసుకుని, టీ తాగి వెళ్ళిపోయారు. (నవ్వులు)

తర్వాత మెడికల్‌కు రమ్మంటే సరే. ఫొటో అంటే సరే. వీసా వచ్చింది, సంతోషమేనా అంటే సరే. మనం సూట్‌కేసు కొన్నాం, స్వెట్టరు కొన్నాం, దండ కొన్నాం. అన్నిటికీ సరే.

ఇవాళ పొద్దున స్వర్ణ వచ్చి మెస్సు గుమ్మంలో నిలబడింది. స్వర్ణ ఎవరో తెలియనివాళ్ళకు చెబుతున్నాను, భూమేశ్ భార్య. పెళ్ళయిన దగ్గర్నుంచి వాళ్ళిద్దరూ కాపురం చేసింది ఫోన్లోనే. పోయిన రంజాను నెలలో బనియాస్‌లో ఒక టైలరింగ్ షాపులో పని దొరికి, ఇప్పటికి ఒకే దేశానికి వచ్చారు. ఆదివారం నా క్లాసు అయ్యీ కాకుండానే ఇతను బస్సుకు పరిగెత్తేది అందుకే. "సార్, మీతోని ఒక మాట" అంది. ఏంటమ్మా అన్నాను. "ఆయన సూట్‌కేసుల బట్టలు పెడ్తుండు, మళ్ల తీస్తుండు, మళ్ల మడత పెడ్తుండు. పోవుడు ఇష్టమేనా అంటె నాకు గూడ సరే అంటుండు. మీరు అడుగుండ్రి సార్. మీరు నేర్పిండ్రు గద." ఇంతే చెప్పి వెళ్ళి ఆ మూల కుర్చీలో కూర్చుంది, ఇప్పటికీ అక్కడే ఉంది.

వీడ్కోలు సభలో ఇలా మాట్లాడకూడదని నాకు తెలుసు. నీ ప్రయాణం శుభప్రదం కావాలి, అక్కడ కూడా తెలుగువాడి పేరు నిలబెట్టాలి అని చెప్పాలి. రాత్రి కూర్చుని అవే రాసుకున్నాను కూడా. కానీ నాకు ఇతను వెళ్ళడం ఇష్టం లేదు. ఇతను లేకపోతే ఆదివారం ఈ టైర్ల మధ్య నిలబడి ఎవరికి పాఠం చెప్పను? క్లాసు ఖలాస్ అనుకున్నాను, మొన్ననే ఇర్షాద్ భాయ్‌తో వచ్చే వారం నుంచి హాలు అక్కర్లేదని చెప్పేశాను కూడా. అయినా నా ఇష్టంతో పని లేదు, ఇతని ఇష్టం ఏమిటో ఇంతవరకూ ఎవరూ వినలేదు. రేపు పొద్దున విమానం ఎక్కేశాక వినీ లాభం లేదు.

కాబట్టి సభాధ్యక్షుల అనుమతితో పాఠం మళ్ళీ పెడుతున్నాను. భూమేశ్, లే. దండ తీసి పక్కన పెట్టు. పర్వాలేదు, పెట్టు.

హోచెష్ లి ఇచి ఉ హర్వాత్స్కు?

(భూమేశ్ దండ తీసి కుర్చీ మీద పెట్టి లేచి నిలబడతాడు)

"మీ ఇష్టం సార్" అంటున్నాడు. (నవ్వులు) నవ్వకండయ్యా. భూమేశ్, ఆ జవాబు నేను నేర్పలేదు. నేను నేర్పినవి రెండే, హోచు, నెచు.

ఏమంటున్నారు వెంకట్రాములు గారూ? మైకులో చెప్పండి. "అరే బిడ్డా, టికెట్ గురించి పరేషాన్ గాకు. నీ గేరుబాక్సు నీకే ఉన్నది. మనసుల ఉన్నది చెప్పు." విన్నావుగా. ఆయన నీ పై మనిషి, నేను నీ మాస్టారిని, మేమిద్దరం చెబుతున్నాం, నువ్వు మా మాట కాదన్నట్టు కాదు. మేము అడిగినదానికి జవాబు చెప్పినట్టు.

(భూమేశ్ స్వర్ణ కూర్చున్న మూల వైపు చూసి, ఏదో గొణుగుతాడు)

మళ్ళీ అను. వెనకవాళ్ళకు వినబడలేదు.

నెచు.

నెచు అన్నాడు. (చప్పట్లు)

ఆగండి, ఆగండి. సత్యకుమారి గారూ, "నిజంగానా భూమేశూ, ఇంకోసారి ఆలోచించుకోకూడదూ" అని మీరు అడగబోతున్నారు, నాకు కనబడుతోంది. అడక్కండి. ఇంకెవరూ కూడా అడక్కండి. కంచం తీసేసి ఫ్రిజ్జులో పెట్టేయండి. ఆ భాషలో ఒకసారే అడుగుతారు. మురళీ గారూ, అక్కడ వెనక వరసలో చెయ్యెత్తి ఊపుతున్నవాడు నాగబాబు. ఆరోజు పాఠం కోసం వద్దన్నాడు తప్ప, వాడికి దుప్పట్లంటే ప్రాణం. కాగితాలు మళ్ళీ మొదటినుంచీ పెట్టాలంటారా? పెట్టండి. ఫ్లెక్సీ మీద మొహం మార్పించే పని నేను చూసుకుంటాను. స్వర్ణా, ఏడవకమ్మా. మావాళ్ళకు ఆడపిల్ల ఏడిస్తే ఏం చెయ్యాలో తెలీదు, చూడు అందరూ టైర్లవైపు తిరిగారు.

ఏంటి భూమేశ్? ఇంకా నిలబడే ఉన్నావే, కూర్చో. ఏదో అడగాలా? నువ్వా? అడుగు.

సభలో ఉన్నవాళ్ళకు వినబడి ఉండదు, అతను అడిగింది నేను చెబుతాను. "హోచెతె లి దోచి ఉ నెద్యెల్యు?" అన్నాడు. హోచెతె అన్నాడు, పెద్దవాళ్ళను మీరు అనేటట్టే. ఆదివారం మీరు వస్తారా అని. నేను మైకులో తెలుగులో చెప్పింది విని, క్లాసు ఉంటుందో లేదోనని బెంగపడి అడిగాడు. ఇన్నాళ్ళలో ఈ మనిషి ఎవర్నైనా అడిగిన మొదటి ప్రశ్న ఇది, అది కూడా లి ఎక్కడ పెట్టాలో అక్కడే పెట్టి.

హోచు, భూమేశ్. వస్తాను.

ఇర్షాద్ భాయ్, హాల్ చాహియే. హర్ ఇత్వార్, ప్రతి ఆదివారం.

నా మాటలు ఓపిగ్గా విన్న పెద్దలకు, ఇంతసేపు బిర్యానీ చల్లారకుండా కాపాడిన సత్యకుమారి గారికి, గడియారం చూసుకోవడం మానేసిన మురళీ గారికి పేరుపేరునా ధన్యవాదాలు. వడ్డించేటప్పుడు ఇవాళ ఎవరైనా వద్దంటే వాళ్ళకు పెట్టరు, ముందే చెబుతున్నాను. వీడ్కోలు సభ అని పిలిచాక ఎవరో ఒకరు వెళ్ళాలి కాబట్టి, ఈ మైకు ముందు నుంచి నేను వెళుతున్నాను. సెలవు.