దిగులు గోలీలు, తునికాకు

దిగులు జబ్బుకిచ్చిన గోలీల పొట్లాన్ని అవ్వ భద్రాచలం దవాఖానాలో డాక్టరమ్మ ముందు పెట్టేసింది.

"ఇవి నువ్వే మింగు బిడ్డా. పది రోజులైంది, మనసు ఇంకా బండలెక్కనే ఉంది."

"గోలీ పోయి కణం తలుపు కొడ్తది అవ్వా. లోపలున్న ప్రొటీన్లు ఆ కబురు ఒకదానికొకటి అందిస్తయి. అప్పుడు మెదడుల కొత్త చిగుర్లేస్తయి. నెల పైనే పడ్తది."

"కబురు మొయ్యనీకి నెలనా? మా వాడకట్టు ఆడోళ్లయితే పొద్దుగూకకముందే ఊరంతా చెప్తరు!"

"మరి తునికి పొదలు కొట్టినంక బీడీలకు ఆకు ఎన్నాళ్లకొస్తది?"

"నలభై అయిదు రోజులు. ఆగలేక ముందే తెంపితే, ఆ లేతాకు ఎందుకూ..."

అవ్వ పొట్లాన్ని మెల్లగా దగ్గరికి లాక్కుని కొంగున ముడేసుకుంది. డాక్టరమ్మ ముసిముసిగా నవ్వింది.

"నవ్వింది చాల్లే. ఇంక ముప్పై అయిదు రోజులు మింగుత. అప్పటికీ చిగురెయ్యకపోతే, మంచం తెచ్చి నీ ఇంట్లనే ఏస్త!"