వంపు కింద వేలి సందు

రోమన్ల ఏలుబడిలోని హిస్పానియాలో ఏటి మీద కొత్త రాతి వంతెన. కట్టేటప్పుడు దాని వంపుని మోసిన కర్రల చట్రం ఇంకా కిందే ఉంది. ముసలి తాపీమేస్త్రీ, పని గుత్తకి తీసుకున్న అల్లుడు ఏటి గట్టున దాని కింద నిలబడి ఉన్నారు.

“చట్రం కింద చీలలు వదులు చేయించావా అల్లుడూ?”

“పొద్దున్నే చేయించా మామా. కర్ర బెత్తెడు దిగింది, చూడు.”

“మరి రాయికీ కర్రకీ మధ్య నా వేలు దూరట్లేదేం?”

“అంటే?”

“కర్రతో పాటు రాయీ దిగిందని. వంపు సొంతంగా నిలబడలేదు, ఇంకా కర్ర భుజాన కూర్చునుంది. నడినెత్తి రాయిని సమ్మెటతో కొట్టే దింపావా?”

“బిగుతుగా ఉండి దిగలేదు మామా. గవర్నరు వచ్చే రోజు దగ్గరపడిందని కాస్త చెక్కించా. తర్వాత వెన్నముద్దలా జారింది.”

“బిగుతుగా ఉండాలనేరా దాన్ని కొట్టి దింపేది. ముందు గవర్నరు బళ్ళు ఆపించు.”

“బూరలు వినబడట్లా? మన మనిషి వెళ్ళేలోపు గుర్రాలు వంతెన ఎక్కేస్తాయి.”

“అయితే పద, పడవెక్కు. ఆనవాయితీ ప్రకారం మొదటి బండి దాటేటప్పుడు కట్టినవాడు వంపు కింద పడవలో ఉండాలిగా.”

“గట్టు మీద గవర్నరుకి దండ వేయాల్సింది నేనే మామా. కట్టినవాడి ఇంట్లోవాళ్ళు కూర్చున్నా చెల్లుతుందన్నాడు పూజారి.”

“పడవలో ఎవర్రా?”

“ఫావెంటీనా. ఒళ్ళో చంటాడు.”

“నా కూతుర్నా?”

“అదిగో మామా. నిన్ను చూసే చెయ్యి ఊపుతోంది.”